ఒంటిచేతి వడ్రంగి సాల

నా పెనిమిటిని నేను మావా అని పిలిచేదాన్ని. మా అమ్మకి ఆఖరి తమ్ముడు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషే నా మెడలో తాళి కట్టాడు. చోడవరంలో గోవాడ వైపు పోయే బండిబాట పక్కన మా ఇల్లు, ఇంటి ముందు తాటాకుల పాకలో ఆయన వడ్రంగి సాల. నాగళ్లు, మంచం కోళ్లు, ద్వారబంధాలు చేసేవాడు. పని సాగుతున్నంతసేపూ పళ్ల సందున ఏదో కూనిరాగం తీస్తూ ఉండేవాడు.

చెరుకు ఆడే రోజుల్లో, గానుగ దూలం పగిలిందని ఒక రైతు వచ్చి పిలుచుకుపోయాడు. దూలం మార్చాక చెరుకు నలిపే ఇనుప రోళ్ల మధ్య ఇరుక్కున్న చెక్కముక్కని మావ లాగుతుంటే ఎద్దులు బెదిరి కదిలి, చెయ్యి రోళ్లలోకి పోయింది. ఎవరినీ అనడానికి లేదు. ఆ ఎద్దుల్ని పట్టుకున్న ముసలాయన తర్వాత చాలాకాలం మా ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే తలపాగా కళ్లమీదికి లాక్కునేవాడు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో మావ కుడిచెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు.

ఇంటికొచ్చాక ఆయన అన్నం ముట్టలేదు. ఎడమచేత్తో కంచంలో చెయ్యి పెట్టడానికి మనసొప్పలేదు. నేను కలిపి ముద్ద పెట్టబోతే మా కూతురు, మా గుంట, చూస్తోందని మొహం తిప్పేసుకున్నాడు. దానికప్పుడు ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. చివరికి ఒకరోజు అదే వెళ్లి, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని కంచంలో పెట్టింది. ఆయన తిన్నాడు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

కొన్నాళ్లకి పొద్దున్నే సాలలో దబదబమని చప్పుడైతే వెళ్లాను. చెక్కని కాలికింద తొక్కిపట్టి ఎడమచేత్తో రంపం లాగుతున్నాడు. చెక్క జారిపోతోంది. మళ్లీ పెడుతున్నాడు, మళ్లీ జారిపోతోంది.

"ఏటి సేస్తన్నావు మావా?"

"కనబడతలేదేటి?" అని కసిరి, కాసేపటికి తలెత్తకుండా, "పట్టుకోవే" అన్నాడు.

అలా నేను ఆయన కుడిచెయ్యినయ్యాను. పొద్దున్న వంట దించేసి సాలలోకి పోయేదాన్ని. కోయడానికి చెక్క పట్టుకునేదాన్ని, చిత్రిక పడుతుంటే అవతలి కొస నొక్కి ఉంచేదాన్ని. అన్నిటికన్నా కష్టం ఉలి పట్టడం. తొలిచే చోట నేను ఉలి నిలబెడితే ఆయన ఎడమచేత్తో సుత్తి వేసేవాడు. ఎడమచేతికి ఇంకా గురి కుదరలేదు. ఒకరోజు దెబ్బ నా బొటనవేలి మీద పడి గోరు చితికిపోయింది. నేను అరవలేదు గానీ రక్తం చూసి ఆయన సుత్తి విసిరేశాడు.

"నా సెయ్యి పోయింది సాలదా, నీది కూడా పోవాలా?" అంటూ అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి.

ఆ మర్నాటి నుంచి బయటి పనులు పక్కన పెట్టి, తనకోసం చెక్కలు కోసుకోవడం మొదలుపెట్టాడు. మొదట చేసింది ఉలిని నిలబెట్టే దిమ్మ. మధ్యలో చీలిక, పక్కన బిగించే చీల. ఉలి అందులో దింపితే ఎవరూ పట్టుకోకుండానే నిటారుగా నిలిచేది. తర్వాత పనిబల్లకి కన్నం పెట్టి, తాడు దూర్చి, కింద కాలు పెట్టుకునే ఉచ్చు కట్టాడు. కాలితో తొక్కితే పైనున్న చెక్క బల్లకి అతుక్కుపోయేది, కాలు ఎత్తితే వదిలేది. చిత్రికని తిరగేసి బల్లలోనే బిగించేసి, చెక్కనే దానిమీద తోసేవాడు. మంచం కోళ్లన్నిటికీ కన్నాలు ఒకే ఎత్తున పడేందుకు అచ్చుచెక్క ఒకటి చేసుకున్నాడు. చేసిన ప్రతిదీ ఎడమచేతి వాటమే.

సామాను పెట్టుకునే తీరు కూడా మార్చేశాడు. మూతలున్న డబ్బాలు ఒంటిచేత్తో తియ్యలేక, కొబ్బరిచిప్పల్ని గోడపలకకి వరసగా కొట్టి మేకులు వాటిలో పోశాడు. వెదురు గొట్టాలు కోసి ఉలులన్నిటికీ తలో ఇల్లు కట్టాడు. రంపాలు తోలు ఉచ్చుల్లో వేలాడేవి. అన్నీ ఎడమ పక్కనే, కూర్చుంటే అందే ఎత్తులో. పని చేయించుకోడానికి వచ్చినవాళ్లు అదంతా వింతగా చూసిపోయేవారు. కూనిరాగం మళ్లీ వినబడింది.

ఒక మధ్యాహ్నం నేను అలవాటుగా చెక్క పట్టుకోబోతే, "ఒగ్గేయ్. ఇంకక్కర్లేదు. నువ్వెల్లి గుంటని సూసుకో" అన్నాడు. ఆ మాటలో ఎంత గర్వముందో నాకు తెలుసు. సంతోషించాలి. కానీ ఇంట్లోకి వచ్చాక ఏ పనీ తోచలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన పక్కన అంతసేపు ఉన్నది ఆ చెయ్యి పోయిన తర్వాతే. చీపురు పట్టుకుని, రంపపు రజను ఊడ్చే వంకతో మళ్లీ సాలలోకి పోయాను. ఊడ్చిందే ఊడుస్తున్నాను.

ఆయన కనిపెట్టాడు. పీట ఒకటి కాలితో నావైపు జరిపి, "కూసో" అన్నాడు.

"ఏటి పట్టుకోవాలి?"

"ఏటీ వద్దు. ఊరికే కూసో."

ఆ తర్వాత రెండేళ్లూ నేను అలాగే కూర్చున్నాను. బియ్యం ఏరుకుంటూ, గుంటకి తల దువ్వుతూ, ఒక్కోసారి చేతులు ఒళ్లో పెట్టుకుని.

తర్వాతి వానాకాలం ఆయనకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. డాక్టరు మందు మార్చాడు, మళ్లీ మార్చాడు. మూడో వారంలో మాట పడిపోయింది. పోయే ముందు ఎడమచెయ్యి నా చేతిలోనే ఉంది. ఎప్పుడు చల్లబడిందో నాకు తెలియలేదు.

రావికమతం నుంచి పెద్దమావ, అంటే ఆయన అన్నగారు, దినాలకి వచ్చాడు. ఆయనదీ వడ్రంగి పనే. ఉలులు, రంపాలు, బాడిస తీసుకుని, బదులుగా గింజలు పంపుతానన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. దిమ్మల్నీ అచ్చుల్నీ తిరగేసి చూసి కింద పెట్టేశాడు.

"ఇయ్యి నాకెందుకమ్మా? రెండు సేతులున్నోడికి అడ్డమే" అన్నాడు. మొలలోని తుండుగుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

వానలు వదల్లేదు. పుల్లలన్నీ తడిసి పొగ తప్ప మంట రాలేదు. గుంట ఆకలికి ఏడుస్తోంది. సాలలో పొడిగా ఉన్నవి మావ చేసుకున్న ఆ చెక్కలే. ముందు వెదురు గొట్టాలు తెచ్చాను. మర్నాడు అచ్చుచెక్క. ఆ తర్వాత మిగతావి. ఉలి దిమ్మ బాగా చేవ ఉన్న చెక్క. ఆలస్యంగా అంటుకుని, చాలాసేపు కాలింది. దాని మీద గంజి కాచి గుంటకి పోశాను.

చెరుకు నరికే రోజులు వచ్చాక, నేను కూలికి పోతున్న కాలంలో, రోలుగుంట వైపు నుంచి ఇద్దరు వెతుక్కుంటూ వచ్చారు. మొగుడూ పెళ్లాం. మొగుడు వడ్రంగి. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది, గుడ్డ అవతల ఏమీ లేదు.

ఆమే మాట్లాడింది. "ఒంటిసేత్తో పనిసేసే ఆయన ఇక్కడున్నాడని సెప్పేరమ్మా. ఏవో సెక్కలు సేసుకున్నాడంట గదా. ఓపాలి సూసి పోదామని వచ్చేం."

నేను చెప్పాను. మావ పోయిన సంగతి, చెక్కలు ఏమైనదీ. ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆమె మొగుడు మెట్టు మీద కూర్చుని, "ఎలాగుండేవో సెప్పగలవా అమ్మా?" అని అడిగాడు.

పుల్లతో నేలమీద గీశాను. చీలిక ఇక్కడ, చీల అక్కడ. ఎంత లోతు, ఏ వాలు అని అడిగితే తడబడ్డాను. సాలలో పక్కనే కూర్చున్నన్నాళ్లూ నేను చెక్కల్ని చూడలేదు, మావని చూశాను. గీసిందాన్ని చెరిపేసి మళ్లీ గీశాను. అది తప్పని నాకే తెలుస్తోంది.

వచ్చినాయన అర్థమైందన్నట్టు తల ఊపాడు. మజ్జిగ ఇస్తే ఎడమచేత్తో పుచ్చుకోడానికి సిగ్గుపడి, పెళ్లాం చేతికి ఇవ్వమన్నాడు. ఆమె తాగించింది. తర్వాత ఇద్దరూ లేచి, ఎండ తగ్గకముందే బండిబాట పట్టి వెళ్లిపోయారు.