కళ్ళజోళ్ళు తీసి వినే సంగీతం

ఆయన్ని అందరూ లిఫ్టాయన అనే పిలుస్తారు. ఎత్తైన భవనాల్లో లిఫ్టులు బాగుచేయడం ఆయన పని. పొద్దున్నే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరతాడు. లిఫ్టు కింది చీకటి గొయ్యిలో నిలబడి, పైనుంచి వేలాడే ఇనుపతాళ్ళ చప్పుడు వింటూ రోజంతా గడుపుతాడు. గొయ్యిలో మాట్లాడటానికి ఎవరుంటారు? అక్కడ అలవాటైన మౌనాన్ని ఇంటికి కూడా మోసుకొచ్చేశాడు. నోట్లో నాలుక లేదని కాదు, ఉంది. దాన్ని భోజనానికి తప్ప వాడడు.

భార్య ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం, వదులైన మరలు సరిచేయడం ఆవిడ పని. మంచి మాటకారి. ఇంట్లో ఇద్దరి వంతు మాటలూ ఆవిడే మాట్లాడేది. "కూర ఎలా ఉంది? బాగానే ఉందిలే. ఉప్పెక్కువైందా? లేదులే." ప్రశ్నా తనదే, జవాబూ తనదే. ఈమధ్య అదీ మానేసింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. యంత్రం చప్పుడు ఆగిపోతే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. మనిషి చప్పుడు ఆగిపోతే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

నెల కిందట ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, "అక్క రమ్మంటోంది. తనకి తోడుగా ఉంటూ కుట్టు దుకాణం చూసుకోమంటోంది. ఇంక అక్కడే ఉండిపోదామనుకుంటున్నా. మీరేమంటారు?" అని అడిగింది.

ఆయన గుండెల్లో రాయి పడింది. పడిన రాయి పడినట్టే ఉంది గానీ నోటి నుంచి వచ్చింది రెండే మాటలు. "నీ ఇష్టం."

ఆ మాట విన్నవాళ్ళెవరైనా ఏమనుకుంటారు? ఉంటే ఎంత, పోతే ఎంత అన్నాడనుకోరూ? ఆయన లెక్క వేరు. ఆయన తండ్రి ఇంట్లో నీళ్ళు తాగాలన్నా తన అనుమతి కావాలనే రకం. నేను పెళ్ళాం మీద అలా పెత్తనం చెయ్యకూడదని కుర్రతనంలోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు నిలబెట్టుకుంటున్నాననుకుని లోపల్లోపల పొంగిపోతున్నాడు కూడా. ఆవిడ మాత్రం గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం అక్కకి ఫోన్ చేసి ఏదో ఒకటి తేల్చి చెబుతానంది.

ఇది చాలదన్నట్టు ఈ ఆదివారాల గొడవొకటి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, దుకాణం మూసి ఉన్నా అక్కడికే వెళ్తుంది. ఎందుకని ఒకసారి అడిగాడు. అడగడమే గొప్ప.

"సంగీతం వినడానికి."

"ఏం సంగీతం?"

"గూఢచారి సినిమాల్లోది."

"పాటలా?"

"పాటలు కావండీ. వెనకాల వస్తుందే, అది."

"దేని వెనకాల?"

"వాళ్ళు పరిగెడుతున్నప్పుడు, దాక్కుంటున్నప్పుడు, ఎవరూ ఏం మాట్లాడనప్పుడు వస్తుందే, ఆ సంగీతం. వందమంది కూర్చుని వాయిస్తారు."

ఆయనకి అయోమయంగా ఉంది. సినిమా లేదు, పాట లేదు, మాట లేదు. ఏమీ లేనిదాన్ని ముస్తాబై వెళ్ళి వినడమేమిటి? పైగా తిరిగొచ్చేసరికి ఒక్కోసారి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉంటాయి. తుపాకుల సినిమాకి ఏడుపెందుకొస్తుంది? ఎంత ఆలోచించినా తల బొప్పి కట్టడమే తప్ప ఏమీ తేలలేదు. వెళ్ళి ఆవిడనే అడగొచ్చు కదా అంటే, అలా అడిగే మనిషే అయితే ఈ కథ ఉండేదే కాదు.

ఆ మొదటి ఆదివారం రానే వచ్చింది. ఆవిడ గడప దాటిన కాసేపటికి ఆయన చెప్పులేసుకున్నాడు. పెళ్ళాం వెనకాల దొంగలా నడవడం తప్పని తెలుసు. వీధి మలుపుల్లో ఆగుతూ, ఆవిడ తల తిప్పితే కిరాణా కొట్టు ముందు బస్తాల ధర అడుగుతున్నట్టు నటిస్తూ, చెమటలు కక్కుకుంటూ నడిచాడు. కళ్ళజోళ్ళ దుకాణం ఉన్నది పెద్ద భవనంలో మూడో అంతస్తు. మెట్ల మీదుగా పిల్లిలా ఎక్కాడు.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పదిమంది దాకా కుర్చీల్లో కూర్చున్నారు. అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి. బల్ల మీద వాళ్ళ కళ్ళజోళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి. దుకాణం యజమాని అద్దాలాయన గ్రామఫోను పక్కన నిలబడి, తనూ కళ్ళు మూసుకుని చెబుతున్నాడు.

"కొత్తవాళ్ళ కోసం మన పద్ధతి మళ్ళీ చెబుతున్నా. సినిమాలో ఈ సంగీతం కార్ల మోతకీ తుపాకుల మోతకీ కింద పడి నలిగిపోతుంది. దానికి వారానికొక్కసారైనా మర్యాద దక్కాలని మనం కూర్చున్నాం. సినిమా చూసినవాళ్ళు కథ చెప్పకూడదు. కళ్ళు తెరవకూడదు. అయిపోయాక ఎవరికి కనిపించింది వాళ్ళు చెప్పాలి. మధ్యలో నోరు తెరిచినవాళ్ళు అప్పటికప్పుడే చెప్పాలి."

కళ్ళద్దాలు అమ్ముకు బతికేవాడు కళ్ళు మూసుకోమనడమేమిటో లిఫ్టాయనకి అర్థం కాలేదు. అయినా అదే ఆయనకి కలిసొచ్చింది. చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళి, ఫ్రేముల బీరువా పక్కన నిలబడ్డాడు. భార్య కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆవిడ మొహం అంత తీరిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో. చెవి దగ్గర జుట్టు ఎప్పుడు నెరిసిందో ఆయనకి తెలియదు.

సంగీతం మొదలైంది. వయొలిన్లన్నీ కలిసి సన్నగా, ఎవరికో వినపడుతుందని భయపడుతున్నట్టు వాయిస్తున్నాయి. ఎక్కడో దూరంగా ఒక బాకా రెండు స్వరాలు పలికి ఆగిపోతుంది. మళ్ళీ పలుకుతుంది. ఆయన ఎంత చెవి ఒగ్గినా అది ఎటు పోతోందో అంతుపట్టలేదు. చివరికి వయొలిన్లు ఒక్కొక్కటే తప్పుకుని, ఒక్కటి మిగిలి, అదీ ఆగింది.

పళ్ళ డాక్టరమ్మ ముందుగా అందుకుంది. "నాకు వంతెన కనిపించింది. కింద బాంబు పెట్టారు."

"మీకు ఏది వినిపించినా బాంబే కదమ్మా," అన్నాడు ఒక బస్సు డ్రైవరు. "నాకు మంచులో రైలు. ఆ బాకా ఉందే, వాడొస్తున్నాడని ముందే చెప్పేస్తుంది. వాయించినవాడి చేతికి దండం పెట్టాలి."

తరవాత భార్య గొంతు వినిపించింది.

"నాకు ఇల్లు కనిపించిందండీ. చిన్న ఇల్లు. ఆయన పని నుంచి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, నూనె మరకలు పోలేదు. భోజనానికి కూర్చున్నాడు. ఆవిడ బాగుందా అని అడిగితే ఊఁ అన్నాడు. ఆయన గూఢచారి. ఎవరి తరఫున వచ్చాడో, మనసులో ఏముందో ఆవిడకి తెలియదు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటున్నారు. చెడ్డవాడు కాడు. కానీ ఎవరో తెలియదు."

"ఆవిడ ఏం చేస్తోంది మరి?" అని అద్దాలాయన మెల్లగా అడిగాడు.

"సంచీ సర్దుకుంటోంది. సర్దుతూ, వెనకనుంచి పిలుస్తాడేమోనని చూస్తోంది. ఇప్పటిదాకా పిలవలేదు."

ఆ నూనె మరకల చేతులు ఎవరివో తెలియనంత మొద్దు కాడు లిఫ్టాయన. కానీ గూఢచారి ఏమిటి? తనలో దాచడానికి ఏముంది గనక? తనేదో మంచిగా ఉంటున్నాననుకుంటే ఆవిడకి పరాయివాడిలా కనిపించాడా? తప్పెక్కడుందో పట్టుకోబోతే అది జారిపోతోంది. ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు.

ఇంతలో రెండోది మొదలైంది. ఈసారి వయొలిన్లు లేవు. మనిషంత ఎత్తున్న పెద్ద తంతివాద్యాలు అడుగు నుంచి మూలగడం మొదలుపెట్టాయి. నేల అదిరింది. ఆ మూలుగు కొంచెం కొంచెంగా కిందికి జారుతోంది. దాని మీద ఏదో ఇనుము రాసుకుంటున్నట్టు సన్నటి కీచు. ఈ చప్పుడు లిఫ్టాయనకి తెలుసు. బతుకంతా విన్నాడు. ఇది వినపడకూడదనే రోజూ గొయ్యిలో దిగుతాడు.

"తాడు జారుతోంది! లిఫ్టు ఆపండి, లోపల మనిషుంది!" అని అరుస్తూ తలుపు వైపు పరిగెత్తాడు.

గదంతా లేచి నిలబడింది. కళ్ళు తెరిచారు గానీ ఎవరికీ ఏమీ ఆనడం లేదు. ఒకరి కళ్ళజోడు ఒకరు పెట్టుకుని, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుని నానా రభస చేశారు. బస్సు డ్రైవరు పళ్ళ డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని బీరువానే మనిషనుకుని ఎవరు నువ్వని గద్దించాడు. భార్యకి మాత్రం కళ్ళజోడు అక్కర్లేకపోయింది. గొంతు వినగానే ఉన్నచోటే నిలబడిపోయింది.

అద్దాలాయన గ్రామఫోను ఆపాడు. "కంగారు పడకండి. లిఫ్టులో ఎవరూ ఉండరండీ. పోయిన వారం మీరే కదా వచ్చి, అరిగిపోయిందని ఆపేసి తాళం వేసి వెళ్ళారు."

అవును. తనే వేశాడు. తాళంచెవి తన జేబులోనే ఉంది. దాన్ని బయటికి తీసి చూసుకున్నాడు. ఇంత తెలిసిన పనిలో తనకి మతి ఎలా పోయిందో ఆయనకి తెలియలేదు.

"మీరు మధ్యలో నోరు తెరిచారు," అన్నాడు అద్దాలాయన. ఎగతాళిగా కాదు. "మా పద్ధతి ప్రకారం మీకేం కనిపించిందో చెప్పాలి."

"నాకేం కనిపించలేదండీ. నాకు ఇవన్నీ తెలియవు." లిఫ్టాయన నేలచూపులు చూశాడు. "తాడు జారుతున్నట్టు వినిపించింది. లోపల మా ఆవిడ ఉందనిపించింది."

"మీ ఆవిడ ఇక్కడే ఉన్నారు కదా."

"తెలుసండీ. చూస్తూనే ఉన్నాను. అయినా తనే లోపల ఉంది, కిందికి వెళ్ళిపోతోంది అనిపించింది."

భార్య కుర్చీ అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"నన్ను వెళ్ళొద్దంటున్నారా?" అని అడిగింది.

"ఊఁ," అన్నాడు. అనగానే అది చాలదని ఆయనకే తెలిసింది. గొంతు సవరించుకున్నాడు. "వెళ్ళొద్దు. నువ్వు లేకపోతే నాకు భయం."

"ఆ మాట నెల కిందటే అనొచ్చుగా."

"అనొచ్చని నాకు తెలీదు. అంటే మా నాన్నలా అయిపోతాననుకున్నాను."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు వచ్చిందో చూసినవాళ్ళెవరూ చెప్పలేకపోయారు. "సాయంత్రం అక్కకేం చెప్పమంటారు?" అంది.

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. పెళ్ళయ్యాక వదినగారికి తనంతట తాను ఫోన్ చెయ్యడం ఇదే మొదలు. అవతల వదిన కంగారుగా "ఏమైంది మరిదిగారూ, చెల్లి బాగానే ఉందా?" అన్నది గదంతా వినిపించింది.

"బాగానే ఉంది వదినా. అంటే, బాగుందో లేదో నాకు తెలీదు. ఇన్నాళ్ళూ అడగలేదు." చెమట తుడుచుకున్నాడు. "ఉండిపొమ్మని నేనడిగాను. ఉంటుందో వస్తుందో ఇంకా చెప్పలేదు. కనుక్కుని చెబుతాను."

ఫోన్ పెట్టేసి, భార్య ఎదుట కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వు బాగున్నావా?" అని అడిగాడు.

"లేను," అంది ఆవిడ. చెప్పడం మొదలుపెట్టింది.