సరింతెన్ ఆర్కిడ్‌కి పట్టిన చీమలు

కసిరన్ ముప్పై ఒక్క ఏళ్ళు లావాంగ్ దగ్గర రైలు గేటు కాపలా కాశాడు. గేటు వేసేవాడు, రైలు పోయేది, గేటు ఎత్తేవాడు. కిటికీల్లో మొహాలు కనిపించినట్టే కనిపించి వెళ్ళిపోయేవి. అలాంటి కొలువులో మాట మరిచిపోవడం తేలిక. భార్య సరింతెన్ బతికి ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది. ఆవిడ పోయాక ఆ పెరట్లో మిగిలింది ఒక పనసచెట్టు, దాని మొదట్లో చదునైన రాయి, గుండె ఎత్తున బోదెకు కట్టిన ఆర్కిడ్.

అది తెల్ల ఆర్కిడ్, అక్కడివాళ్ళు చంద్రుడి పేరుతో పిలిచే రకం. పాత కాలంలో ఎవరో వృక్షశాస్త్రవేత్త దీన్ని అడవిలో దూరం నుంచి చూసి రెక్కల పురుగుల గుంపు వాలిందనుకున్నాడట. సరింతెన్ కాపురానికి వస్తూ పుట్టింటి కొండవాలు నుంచి దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. ఏటా పూసేది. ఆవిడ పోయిన ఏడు పూయలేదు, మరుసటి ఏడూ పూయలేదు. మూడో ఏట ఆకుల సందులోంచి పూలకాడ వచ్చింది. తొమ్మిది మొగ్గలు.

జావాలో చనిపోయినవాళ్ళకి వెయ్యోరోజు పెద్దది. ఆ రోజున సమాధికి రాయి నిలబెడతారు, ఇరుగుపొరుగు కూర్చుని ప్రార్థన చేసి అన్నం తింటారు. అప్పటిదాకా ఇంటి చుట్టూ తిరిగే ఆత్మ ఇక తిరగదంటారు. సరింతెన్ వెయ్యోరోజుకి ఇంకా ముప్పై ఎనిమిది రోజులున్నాయి. ఆ పూలు ఆ సమాధి రాయి దగ్గర పెట్టాలని కసిరన్ అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, కానీ గోడ అవతలి పైనెంకి తెలిసిపోయింది. పైనెం పొద్దున్నే వేరుశనగ ముద్ద నూరి, ఉడికించిన ఆకుకూరల మీద పోసి అమ్మే మనిషి. ఆవిడకి తెలియనిది ఆ వీధిలో లేదు.

ఆ వారమే రెండు మొగ్గలు పసుపెక్కి రాలాయి. కాడ కణుపుల్లో తెల్లటి దూది లాంటిది కనిపించింది. పిండినల్లి. దాని చుట్టూ నల్లచీమలు.

చీమల గురించి చదివినవాళ్ళకి తెలుసు, అవి పశువుల కాపరులు. పిండినల్లి మొక్క రసం తాగి తియ్యటి జిగురు వదులుతుంది. చీమలు ఆ జిగురు తాగుతాయి. బదులుగా పురుగును కాపలా కాస్తాయి, శత్రువొస్తే కరుస్తాయి, ఈ కొమ్మ ఎండితే మరో లేత కొమ్మకి మోసుకెళ్తాయి. మనం చేసే పాడీ అంతే కదా. కాకపోతే వాటి గడ్డిమైదానం ఇక్కడ సరింతెన్ పూలకాడ అయింది.

కసిరన్ సబ్బునీళ్ళలో దూది ముంచి ఒక్కో కణుపూ తుడిచాడు. పొగాకు నానబెట్టిన నీళ్ళు చల్లాడు. బోదె చుట్టూ గ్రీజు పట్టీ వేశాడు. నాలుగు రోజులు తెరిపి. శుక్రవారం వచ్చేసరికి మళ్ళీ బారు.

“ఏం కాంగ్, పొద్దున్నే మొదలైందా స్నానం?” పైనెం గోడ మీంచి తల పెట్టింది. అక్కడ అన్నని కాంగ్ అంటారు. “పెళ్ళానికి కూడా ఇంత సేవ చేసుండవు.”

“చేశాను. నువ్వు చూళ్ళేదు.”

“ముప్పై ఏళ్ళు గోడ ఇవతలే ఉన్నాను. అరుపులు విన్నాను. అవీ ఆవిడవే.”

కసిరన్ నవ్వాడు. చాలా రోజులకి. అంతలో ఇంకో మొగ్గ చేతిలోకి ఊడి వచ్చింది. నవ్వు ఆగిపోయింది.

మొగ్గలు అయిదుకి వచ్చిన రోజు పైనెం గోడ చుట్టూ తిరిగి లోపలికే వచ్చింది.

“కాంగ్, ఒక మాట చెప్తాను. చీపురు తియ్యకు.”

“చెప్పు.”

“చీమల్ని తరిమేదీ నువ్వే, పిలిచేదీ నువ్వే. ప్రతి గురువారం సాయంత్రం చెట్టు మొదట్లో ఆ రాయి మీద కాఫీ, బెల్లం పెడతావు. తెల్లారి నీళ్ళు పట్టుకుంటూ చూస్తుంటాను. బెల్లం నుంచి బారు నేరుగా చెట్టెక్కుతుంది. రాయికి ఆనుకుని ఒక తీగ ఉందిగా, నీ గ్రీజు దాటడానికి దాని మీంచే పోతాయి. ఆర్కిడ్ వేళ్ళ వెనక గూడు కట్టాయి.”

సరింతెన్‌కి చేదు కాఫీతో తాటిబెల్లం కొరుక్కోవడం అలవాటు. పోయినవాళ్ళు గురువారం రాత్రి ఇల్లు చూసిపోతారంటారు. అందుకే గురువారం గురువారం రాయి మీద గ్లాసు, పక్కన బెల్లం ముక్క. శుక్రవారం చూస్తే ముక్క మూల అరిగి ఉండేది. కసిరన్ ఆ అరిగిన మూల మీద వేలు పెట్టి కాసేపు నిలబడేవాడు.

“ఆవిడ తిన్నాక మిగిలింది చీమలు తింటాయి,” అన్నాడు. “అందులో తప్పేముంది?”

“ఎవరూ తినలేదు కాంగ్. చీమలే తిన్నాయి.”

“ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?”

“మొదటి వారం నుంచి.”

“మరి చెప్పలేదేం?”

“ఏం చెప్పమంటావ్, శుక్రవారం శుక్రవారం నీ మొహం చూశాక?”

కసిరన్ తలుపు వేసుకున్నాడు. మూడు రోజులు గోడ వైపు చూడలేదు.

గురువారం సాయంత్రం పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఇటుక పెట్టి, దాని మీద గ్లాసు, బెల్లం పెట్టాడు. వంటింట్లో చీమలు ఎక్కకుండా అన్నం బీరువా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టినట్టే. ఆ ఇంట్లో అలా పెట్టడం ఆయనకి నేర్పింది సరింతెనే.

తెల్లారింది. కాఫీ మీద పొర కట్టింది. బెల్లం ముక్క అచ్చులోంచి తీసినట్టే ఉంది. నాలుగు మూలలూ పదునుగా. కసిరన్ దాన్ని తిప్పి చూశాడు, కింద వైపు కూడా చూశాడు.

తర్వాత కత్తి తెచ్చి తీగ కోసేశాడు. ఆర్కిడ్ వేళ్ళ వెనక చెయ్యి పెట్టి గూటి మట్టి కొంచెం కొంచెంగా ఊడదీశాడు. చీమలు మోచేతి దాకా కరిచాయి. నీళ్ళతో కడిగాడు, పిండినల్లిని పుల్లతో గీకాడు. మధ్యాహ్నానికి చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడ ఎక్కి అవతలికి దిగాయి.

“కాంగ్!” అవతలి నుంచి కేక. “నీ చుట్టాలు మా వేరుశనగ డబ్బాలోకి వచ్చారు!”

“మర్యాద చెయ్యి,” అన్నాడు కసిరన్. మూడు రోజుల తర్వాత అదే మొదటి మాట.

మరో గురువారం వచ్చింది. ఇటుక మీద బెల్లం పెట్టాడు. చేతిలో నీళ్ళ చెంబు. పళ్ళెం ఇంకా పొడిగానే ఉంది. నీళ్ళు పోయకపోతే పొద్దునకి మూల అరుగుతుంది. ఒక్క వారానికి ఏమవుతుంది? ఎవరు అరగదీశారో తెలిసినా, అరిగిన మూల అరిగినట్టే ఉంటుంది కదా. పూలకాడ వైపు చూశాడు. మొగ్గల్లో ఒకటి చివర తెల్లబడుతోంది. చెంబు బరువుకి మణికట్టు లాగడం మొదలయ్యాక నీళ్ళు పోశాడు.

అయిదు మొగ్గల్లో నాలుగు విచ్చాయి. వెయ్యోరోజున రెండు కోసి సమాధి కొత్త రాయి దగ్గర పెట్టాడు. జనం వచ్చారు, ప్రార్థన చేశారు, అన్నం తిన్నారు, అరిటాకు పొట్లాలు పట్టుకుని వెళ్ళిపోయారు. పైనెం ఒక్కతే ఉండిపోయి గిన్నెలు తోమింది.

“రేపు గురువారం,” అంది, చేతులు తుడుచుకుంటూ. “పోయినవాళ్ళు ఇక తిరగరంటారుగా. అయినా పెడతావా?”

“పెడతాను.”

“నీళ్ళు పోసా, పొయ్యకుండానా?”

చెట్టు మీద మిగిలిన రెండు పూలూ గాలికి కదులుతున్నాయి. కసిరన్ వాటి వైపు చూశాడు.

“ఆ రెండూ రాలిపోయేదాకా పోస్తాను,” అన్నాడు. “తర్వాత పొయ్యను.”