చిల్లుపడ్డ చపాతీ పీట

నా చిన్నప్పుడు, నాయనమ్మ పోయిన మరుసటి ఎండాకాలం, మా తాతయ్య ఆమె చపాతీ పీటను రంపంతో కోశాడు. నాకు తొమ్మిదేళ్ళు. సీతాఫల్‌మండి ఇంటి మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. పీట పగుళ్ళలోంచి ఎండిన పిండి పొడిపొడిగా రాలింది. వద్దనాలనిపించింది గానీ నోరు రాలేదు. నాకు నోరు ఇప్పటికీ ఆలస్యంగానే వస్తుంది.

తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఎవరో వదిలేసిన పాత అమెరికా కారును ఏళ్ళ తరబడి బాగుచేసుకున్నాడు. ఎనిమిది సిలిండర్ల బండి. స్టార్ట్ చేస్తే ఇంటి కిటికీలు వణికేవి. అది నాయనమ్మకు సవతి అని మేనత్త ఎగతాళి చేసేది. నాయనమ్మ పోయిన మే నెల తర్వాత ఆ మాట ఎవరూ అనలేదు.

ఆమె పోయిన రోజు మిట్టమధ్యాహ్నం తాతయ్య అప్పుడే బజారు నుంచి వచ్చి బండి ఆపాడు. లోపల నాయనమ్మకు ఊపిరి ఆడటం లేదు. వెనక సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాడు. ఇంజన్ తిరిగింది, అందుకోలేదు. పది నిమిషాలు అలాగే తిప్పాడు. నాన్న పరుగెత్తి ఆటో తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ తాళం చప్పుడు నా నిద్రలోకి చాలాకాలం వచ్చింది.

పీట కోసేముందు తాతయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, మందపాటి గిన్నెలో పాలు కాచాడు. పొంగు అంచుకొచ్చాక పొయ్యి కట్టేశాడు. అయినా పాలు పొంగి కారాయి.

"మంట ఆరింది గానీ గిన్నెల వేడి ఆరలే బిడ్డా. ఇంజన్ సుత గంతే. ఆపినంక వేడి పైకెక్కుతది. కార్బురేటర్ల పెట్రోల్ మసిలి ఆవిరైతది. ఇగ బండి ఏం తాగి నడుస్తది?"

"మరి పీట ఎందుకు తాతా?"

"మీ నాయనమ్మ వేడి గిన్నె దీని మీదనే దించేది. కింద బండ సల్లగుంటుండె. యాదికున్నదా?"

ఆ చెక్కముక్కకు చిల్లులు చేసి, ఇంజన్‌కూ కార్బురేటర్‌కూ మధ్య బిగించాడు. సరిగ్గా ఆమెకు ఊపిరాడని వేళకే, మధ్యాహ్నం, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాడు. మేనత్త గేటు దాకా వచ్చి అరిచింది. "నాయ్నా, గింత ఎండల ఏం పని నీకు? పిల్లనెందుకు పరేషాన్ చేస్తవ్?"

బజారు దాకా వెళ్ళి వచ్చి, గేటు లోపల బండి ఆపాం. బానెట్ ఎత్తలేదు. తాతయ్య గడియారం చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాడు. తర్వాత దిగి వెనక తలుపు తెరిచాడు. లోపలికి వంగేవాళ్ళ తలకు తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టి, "పైలం, జెర తల వంచు" అన్నాడు. మెల్లగా తలుపు వేసి వచ్చి, తాళం తిప్పాడు.

మొదటి తిప్పుకే ఇంజన్ అందుకుంది.

ఆయన గేరు వెయ్యలేదు. అద్దంలోకి చూడాలంటే నాకు భయమేసింది, చూడకుండానూ ఉండలేకపోయాను. వెనక సీటు ఖాళీగా వణుకుతోంది. తాతయ్య అటే తిరిగి, "గింతే పని ఉండె," అన్నాడు. ఆ మాట నాతో అన్నది కాదు. ఆ తర్వాత ఆయన ఆ బండి ఎక్కలేదు.

తాతయ్య ఇప్పుడు లేడు. కారు ఎవరికో ఇచ్చేశారు. కోయగా మిగిలిన పీట మాత్రం నా దగ్గరుంది. పాలు కాచి పొయ్యి ఆపాక, గిన్నె కుదుటపడేదాకా అక్కడే నిలబడతాను. ఏడ్చి ఊరుకున్న మనిషి దగ్గర కూడా అంతే. ఏం మాట్లాడాలో నాకు తెలియదు. ఇక ఏమీ లేదులే అనుకుని మాత్రం లేచి రాలేను.