అంజయ్య నెత్తురు గురించి నేనన్న మాట

మీ ఇంట్లోనో వాడకట్టులోనో తాగుడు మానలేని మనిషిని చూసి, "వాళ్ల నాయిన గూడ గంతే, నెత్తుర్లనే ఉన్నది" అని మీరెన్నిసార్లు అన్నారు?

నేను ఒక్కసారే అన్నాను. తొమ్మిదేళ్లయింది. నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

కొండాపూర్ మండలంలో సైన్సు టీచర్ని. చేతబడి, బాణామతి అబద్ధమని ఊరూరా వాదించినవాణ్ని. వ్యసనాలు, మానసిక రోగాలు వంశంలో ఎలా దిగివస్తాయో పరిశోధించే బృందం మా ఊరికి వచ్చి నన్ను తోడు రమ్మంది. జన్యు పరీక్ష కోసం ఇంటింటా చిన్న గొట్టంలో ఉమ్మి తీసుకోవాలి. ఉమ్మి పరాయి చేతికి పోతే చేతబడి చేస్తారని మా ఊళ్లో భయం. నా మాట మీద ఇచ్చారు.

అంజయ్య బొల్లారంలో మందుల కంపెనీ కార్మికుడు. తాగుడు మానితే చేతులు వణికేవి, గోడల మీద మనుషులు కనిపించేవారు. సంగారెడ్డి డాక్టరు ఇచ్చిన గోలీలతో ఇరవై రోజులుగా తాగలేదు. ఆ ఇంటి ముందు, పదిమందిలో, అతని భార్య లచ్చమ్మ నన్ను నిలదీసింది.

"సారూ, చేతబడి లేదంటవ్. మా మామ తాగి తాగి సచ్చిండు. గీయన గట్లనే అయితుండు. మరి గిది ఏంది? జెర చెప్పు."

"నెత్తుర్లనే ఉన్నది లచ్చమ్మా. తాతల కాంచి వస్తది."

అంజయ్య నవ్వాడు. "మా నాయిన గుంటెడు జాగ ఇయ్యలే గని, గిదైతే మంచిగ రాసిచ్చిండు." అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే అడిగాడు. "నెత్తుర్ల ఉన్నదానికి గోలీలేం జేస్తయి సార్?"

నేను ఉమ్మి గొట్టం అతని చేతికిచ్చాను.

జవాబు నాకు తెలుసు. బృందంలోని డాక్టరమ్మ ముందే చెప్పింది: వంశం నుంచి వచ్చేది కొంత మొగ్గు మాత్రమే, అది ఉన్నవాళ్లకూ వైద్యం పనిచేస్తుంది, ఆ సంగతి చెప్పకుండా ఏ ఇంట్లోనూ ఉమ్మి తీసుకోవద్దు. మరెందుకు చెప్పలేదు? లచ్చమ్మ నోరు మూతపడింది. పదిమంది తలలూపారు. బాణామతి ఓడింది. గెలిచిన వాదానికి "కానీ" అని తోక తగిలించడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ దొరకలేదు, ఎంత వెతికినా.

అంజయ్య గోలీలు మానేసి మళ్లీ తాగడం మొదలుపెట్టాడు. ఏడాది తిరగకముందే కాలేయం చెడి చనిపోయాడు.

నేనొక్కడినే కారణమా? సారా అమ్మినవాడు కాదా, పన్నెండు గంటల షిఫ్టు కాదా? ఈ ప్రశ్న వేసుకున్న ప్రతిసారీ, నన్ను నేను తప్పించుకోవడానికే వేసుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. తలరాత లేదని అరిచిన నోటితోనే ఒక మనిషికి తలరాత రాశాను. దానికి సైన్సు అని పేరు పెట్టాను. మంత్రగాడైతే కనీసం విరుగుడు ఉందని చెప్పేవాడు.

ఇప్పుడు అతని కూతురు రజితకు ఇరవై ఒకటి. రెండు నెలలుగా నిద్ర లేదు, తిండి లేదు, పనికి పోవడం లేదు. లచ్చమ్మ ఆస్పత్రికి తీసుకుపోదు. నిన్న వెళ్లి, వైద్యం పనిచేస్తుందన్న నిజం చెప్పాను, కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "నెత్తుర్లనే ఉన్నదని నువ్వే చెప్తివి గద సారూ," అని తలుపు వేసుకుంది. ఓదార్చడానికి ఇప్పుడు అబద్ధమాడుతున్నానని అనుకుంటోంది.

ఇది రాశాక ఊపిరి కొద్దిగా ఆడుతోంది. క్షమించమని అడగను. క్షమించాల్సినవాడు లేడు.

రేపు పొద్దున మళ్లీ ఆ తలుపు కొడతాను. మీ దగ్గరలోనూ అలాంటి తలుపు ఉంది, మీకు తెలుసు. లేవండి. వెళ్లి కొట్టండి. లోపలి మనిషిని డాక్టరు దగ్గర కూర్చోబెట్టేదాకా ఇంటికి రాకండి.