కాశీలో ఒగ్గేసిన సెల్లు

కాశీకి వెళ్లినవాళ్లు అక్కడ ఒక కాయా, ఒక పండూ వదిలి రావాలన్న నియమం ఎవరు పెట్టారో గానీ, పెట్టినాయనకి మనుషుల సంగతి బొత్తిగా తెలియదు. ఇష్టమైనవి వదలమన్నాడాయన. మనవాళ్లు వదిలేవి చూస్తే గంగలో ఈపాటికి కాకరకాయలు తప్ప మరేమీ ఉండకూడదు. ఆ రైళ్లలో జరిగే మంతనాలు వినాలి. దోసకాయ వదిలినవాడు దోసావకాయ తినొచ్చా, జామపండు వదిలినవాడికి జామకాయ దోషమా, నిమ్మకాయ వదిలితే సోడాలో పిండుకోవడం సంగతేమిటి? ధర్మశాస్త్రాలన్నీ ఆ బెర్తుల మీదే తిరగరాస్తుంటారు.

మల్కాపురం నుంచి బయల్దేరిన అప్పలసూరి వాళ్లూ అదే మాట్లాడుకున్నారు. వెళ్లింది ముగ్గురు: అప్పలసూరి, అతని పెళ్లాం గౌరీశ్వరి, అతని అక్క మొగుడు అబ్బులు. నాలుగో మనిషి, కాశీ తీసుకెళ్లమని ఏళ్ల తరబడి పోరిన అప్పలసూరి తల్లి చిన్నతల్లి, ఎర్రగుడ్డ చుట్టిన చెంబులో కిటికీ పక్క కొక్కేనికి వేలాడుతూ ఉంది. అస్థికలు కింద పెట్టకూడదట.

రాయగడ దాటకముందే అబ్బులు తేల్చేసుకున్నాడు. కాయల్లో కాకర. పండ్లలో డ్రాగన్ పండు, బండి మీద చూడ్డమే తప్ప దాన్ని ఎన్నడూ నోట పెట్టినవాడు కాడు. గౌరీశ్వరి మాత్రం నిజాయితీగా పనసపండు అంది. ఆవిడ కన్నవారిది సబ్బవరం అవతల పల్లె. పెరట్లో చెట్టు కాస్తే మొదటి పండు ఆవిడకే వస్తుంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం చిన్నబోయింది కూడా. అప్పలసూరి చెంబు ఊగుతుంటే దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

ఘాటు మీద పనంతా అయ్యాక, కర్మ చేయించిన పండా అడిగాడు, ఏం వదులుతున్నావని. తరతరాలుగా మన యాత్రికుల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయనది. గుండు చేయించుకుని, మీసం తీయించుకుని, తడిపంచెతో నిలబడిన అప్పలసూరి చేతులు జోడించి, "సెల్లు ఒగ్గీసినాను బాబూ. మరింక ముట్టను" అన్నాడు.

పండా కాసేపు ఆలోచించాడు. "సెల్లు. అది కాయా, పండా?"

అబ్బులు తన జేబులోంచి ఫోను తీసి చూపించాల్సి వచ్చింది. పండా పడీపడీ నవ్వాడు. ఆయన నడుములో దోపుకున్న ఫోను ఆ నవ్వుకి జారి మెట్టు మీద పడింది. దాన్ని తుడిచి మళ్లీ దోపుకుంటూ, పని చేసుకు బతికేవాడివి, జన్మంతా అంటే నీ వల్ల కాదు, అమ్మ ఏడాది వెళ్లేవరకు అనుకో చాలు అని నచ్చజెప్పాడు. సంకల్పం చెప్పించి నీళ్లు వదిలించాడు. గంగ ఆ మాట తీసుకుపోయింది. అబ్బులు రైలెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

అతను నవ్వడంలో తప్పులేదు. చిన్నతల్లి పోయిన సాయంత్రం సంగతి అప్పటికింకా అబ్బులికి తెలియదు.

చిన్నతల్లి అడ్డపొగ మనిషి. చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని, పొగంతా లోపలే తిప్పుకుంటూ, ఆ చుట్ట తియ్యకుండానే కోడల్ని తిట్టగలిగిన తరం ఆడది. డాక్టరు మానమన్నాడు, కొడుకు మానమన్నాడు, దగ్గు మానమంది. మానలేదు. ఆ రోజు అప్పలసూరి డ్యూటీ దిగి వచ్చి, గది గుమ్మంలో చతికిలబడి ఫోను చూస్తున్నాడు. ఏం చూశాడో తర్వాత అతనికే చెప్పడం చేతకాలేదు. ఎవరో పెద్ద చేపని కోస్తున్నారు, ఎవరో మెట్ల మీంచి జారుతున్నారు, ఎవరో కోడిపుంజుకి కళ్లజోడు పెడుతున్నారు. వేలితో తోస్తుంటే ఒకదాని వెనక ఒకటి. గౌరీశ్వరి వీధి కుళాయి దగ్గరుంది. మంచం మీంచి ముసలమ్మ, "ఒరే సూరీ, అగ్గిపెట్టి అందీరా" అంది. "ఉండవే, ఒక్క నిమిషం" అన్నాడు. తల ఎత్తకుండా అన్నాడు. ఆవిడ మళ్లీ అడిగిందో లేదో అతనికి తెలియదు. గౌరీశ్వరి బిందెతో లోపలికెళ్లి కేక పెట్టేసరికి చిన్నతల్లి గోడకి చేరగిలబడి ఉంది. ముట్టించని చుట్ట వేళ్ల మధ్య అలాగే ఉంది. అగ్గిపెట్టె కిటికీలో, అప్పలసూరి చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది.

పండుటాకు, పాత దగ్గు, అగ్గిపెట్టె అందించినా పోయేదే అని గౌరీశ్వరి ఎన్నో విధాల చెప్పింది. అది నిజమే. ఆ నిజం అతనికి ఎందుకూ పనికి రాలేదు. శవం లేవకముందే ఫోను కట్టేసి బియ్యం డబ్బాలో పడేశాడు.

పూర్వం కూడా మనుషులు ఎన్నో వదిలేవారు. ఉప్పు మానేసినవాళ్లు ఉన్నారు, చెప్పులు మానేసినవాళ్లు ఉన్నారు, మాట మానేసి పలక మీద రాసి చూపించినవాళ్లు ఉన్నారు. ఒకడు ఉప్పు మానేస్తే పొరుగింటి కూరకి వచ్చిన లోటేమీ లేదు. లోకం తన దారిన తాను పోయేది, మానినవాడు తన దారిన తాను పోయేవాడు. సెల్లు అలాంటిది కాదు. దాన్ని ఒకడు దింపితే చుట్టూ ఉన్నవాళ్లు ఎత్తుకోవాలి. గ్యాస్ బండ మోసుకొచ్చినవాడు ఫోనుకొచ్చిన నంబరు చెప్పమన్నాడు. ఆ నంబరు బియ్యం డబ్బాలో ఉంది. బండ మళ్లీ బండెక్కింది. టీ బడ్డీవాడికి నోటిస్తే చిల్లర లేదన్నాడు, స్కాన్ చెయ్యమని అట్టముక్క చూపించాడు. బ్యాంకుకి వెళితే, మెసేజి వస్తుంది అది చెప్పండి అన్నారు. చివరికి అన్నీ గౌరీశ్వరి ఫోనుకి మార్పించారు. కుక్కరు మీద ఓ చెవి, ఫోను మీద ఓ చెవి పెట్టుకుని ఆవిడ ఒకరోజు అననే అంది.

"నాను పనసపండు ఒగ్గీసినాను, నా నోరే సప్పబడిపోనాది. నువ్వు సెల్లు ఒగ్గీసి నా నెత్తి మీద ఎట్టినావు."

ఫోను పక్కన పెడితే మనసు నిమ్మళిస్తుందనీ, పక్షుల కూతలు వినిపిస్తాయనీ చెప్పేవాళ్లున్నారు. మల్కాపురంలో వినిపించేవి లారీలు, రిఫైనరీ సైరను. అవి ముందూ వినిపించేవి. కొత్తగా అప్పలసూరికి వినిపించింది ఒకటే. చెయ్యి దానంతటదే చొక్కా జేబు తడుముకుని, ఖాళీగా వెనక్కి వచ్చిన ప్రతిసారీ, అగ్గిపెట్టి అందీరా అని. ఫోను ఉన్న రోజుల్లో దేన్నయినా మరిచిపోవడానికి వేలు కదిపితే చాలేది. ఇప్పుడు ఆ దారి కూడా లేదు.

అయినా పట్టుదలగానే ఉన్నాడు. అసలు చిక్కు ముఠాలో వచ్చింది.

అప్పలసూరి పని టార్పాలిన్ ముఠాలో. పోర్టు పక్క యార్డుల్లో ఎరువు గుట్టల మీదా, గంధకం గుట్టల మీదా పట్టాలు కప్పి, గాలికి ఎగరకుండా తాళ్లు బిగించే ముఠా. సముద్రపు గాలికి పట్టా ఒక కొస లేచిందంటే మనిషిని కూడా లేపుతుంది. ఆ కొసని తొక్కి పట్టడం అతని పని. ముప్పై ఏళ్లుగా అదే. వేరే పని రాదు, వచ్చినా ఈ వయసులో ఎవరూ పిలిచి ఇవ్వరు. ముఠాకి మేస్త్రి అబ్బులే. ఎప్పుడు ఏ యార్డుకి రావాలో అందరికీ గ్రూపులో పెట్టి, బావమరిది కోసం మాత్రం ఇంటి దాకా వచ్చి చెప్పిపోయేవాడు.

వీళ్లు కాశీ నుంచి వచ్చిన కొద్ది రోజులకే కాంట్రాక్టరు హాజరు పద్ధతి మార్చేశాడు. ఇదివరకు మేస్త్రి పేరు పిలిస్తే ఉన్నానని పలకడమే. ఇప్పుడు ఎవరి ఫోనులో వాళ్లు, యార్డు గేటు దగ్గరే నిలబడి, మొహం చూపించాలి. ఆధార్ ఫొటోతో అది పోల్చుకుంటుంది. చూపించకపోతే రానట్టే. అలా కొన్నాళ్లు రానట్టయితే గేటు పాసు దానంతటదే రద్దవుతుంది. ఫోను రిపేరులో ఉందని అబ్బులు నెట్టుకొచ్చాడు. సూపర్‌వైజరు వీరేంద్ర కుర్రవాడు, విజయవాడ వైపు మనిషి, చెడ్డవాడు కాదు. అప్పలసూరి ఎదురుగా నిలబడి పట్టా కడుతుంటే కళ్లారా చూస్తూనే, "మీరు రావట్లేదని చూపిస్తోంది బాబాయ్" అని బాధపడ్డాడు. సోమవారం మొహం పడకపోతే పేరు పోతుంది, ఆపడం నా చేతుల్లో లేదు, నా హాజరు కూడా అందులోనే పడాలి అన్నాడు.

ఆదివారం సాయంత్రం అబ్బులు ఇంటికొచ్చాడు. దార్లో గుళ్లో పంతులుగారిని కలిసి, నిమ్మకాయ సోడా సంగతి తేల్చినట్టు దీన్నీ తేల్చుకొచ్చాడు. చాప మీద కూర్చుంటూనే మొదలెట్టాడు.

"ముట్టననే కదేటి అన్నావు కాశీలో? ముట్టకు. నాను పట్టుకుంతాను. నువ్వు ఊరికే సూడు. సూత్తే ముట్టినట్టు కాదంట, పంతులుగారే సెప్పినారు."

అప్పలసూరి అప్పుడు, ఎప్పుడూ చెప్పని సంగతి, గుమ్మం, చేప, కోడిపుంజు, అగ్గిపెట్టె, మొత్తం చెప్పాడు. చెప్పి, "సేత్తో పోనేదు బావా మాయమ్మ. నా కంటితోటి పోనాది. సేతికేటి, అది ఎప్పుడైనా కడుక్కోవచ్చు" అన్నాడు.

అబ్బులికి నవ్వు రాలేదు. నేల చూస్తూ, మరి తినడానికేటి సేత్తావు బావా అని మాత్రం అడిగాడు. గౌరీశ్వరి లేచి వెళ్లి, బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, కొంగుతో తుడిచి, ఛార్జింగు పెట్టింది.

సోమవారం గేటు దగ్గర లారీల వరస పక్కన అబ్బులు తన ఫోను నుంచి నెట్ ఇచ్చి, బావమరిది ఫోనుని అతని మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని అప్పలసూరి దాంట్లోకి చూశాడు. గుండ్రటి గీతలో బోడిగుండుతో ఒక మనిషి కనిపించాడు. కళ్లు ఒకసారి మూసి తెరవండి అని ఫోను ఆడగొంతుతో అడిగింది. బతికున్న మనిషో, ఫొటోనో దానికి తెలియాలట. అప్పలసూరి మూయలేదు. చూస్తే చూశాను, అది చెప్పినట్టు కన్ను కూడా ఆడించాలా అనిపించిందేమో. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా అలాగే నిలబడ్డాడు. వెనక వరసలో ఎవరో, "పెళ్లిసూపులేటి మావా, అంతసేపు" అన్నారు. నలుగురు నవ్వారు. ఆ నవ్వుకి రెప్ప పడింది.

ఫోనులో చక్రం తిరిగింది. మీ ముఖం సరిపోలలేదు, మళ్లీ ప్రయత్నించండి అంది.

మళ్లీ ప్రయత్నించాడు. ఎండ వైపు తిరిగి, నీడ వైపు తిరిగి, తువ్వాలు తీసేసి ప్రయత్నించాడు. ఆధార్ ఫొటోలో అప్పలసూరికి దుబ్బు జుట్టు, చెవుల దాకా మెలేసిన మీసం. ఆ రెండూ కాశీలో మంగలి తీసేసుకున్నాడు. ఇప్పుడున్నది గడ్డిపరకల్లాంటి నెరిసిన మొలకలు. అబ్బులు దగ్గర్నుంచి ఫోను తీసుకుని వీరేంద్ర పట్టుకున్నాడు. అదీ కుదరలేదు. చివరికి అప్పలసూరే విసుగొచ్చి, ఎవరూ చెప్పకుండానే, ఇలా తెమ్మని ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి చాపి, గెడ్డం ఎత్తి, అడిగినన్నిసార్లు కళ్లు మూసి తెరిచాడు. సరిపోలలేదు.

ఫొటో మార్పించుకోవాలి బాబాయ్, మద్దిలపాలెం ఆధార్ సెంటర్‌లో, ముందు ఫోనులో బుక్ చేసుకుని వెళ్లాలి అన్నాడు వీరేంద్ర. వాళ్లు మార్చేదాకా, లేదా మీసం పెరిగేదాకా, లోపలికి పంపడానికి నాకు హక్కు లేదు. ఇవాళ్టితో పేరు పోతుందని మళ్లీ అనలేదు, తెలిసిందే కదా. అతను అటు తిరిగి తన మొహం తన ఫోనుకి చూపించుకున్నాడు. టింగుమంది. ముఠా లోపలికి వెళ్లింది.

అప్పలసూరి ప్రహరీ నీడన కూలబడ్డాడు. ముఠాని పనిలో పెట్టేసి అబ్బులు తిరిగి వచ్చాడు. రెండు చెక్క స్టూళ్లు వేసుకున్న టీ బడ్డీ అవతల పక్కనే ఉంది. బావమరిది చేతిలో ఫోను వణుకుతూ కనిపించింది. వణికేది చెయ్యి కాదు, ఫోనే. కట్టేసి ఉన్నన్నాళ్లూ బయట కాచుకున్నవన్నీ ఒక్కసారి లోపలికి దిగుతున్నాయి. చిన్నతల్లి పోయిన మర్నాడు ముఠా గ్రూపులో పెట్టిన ఫొటో, చెంపన చుట్ట ఆనించుకుని. దాని కింద ఓం శాంతి. ఓం శాంతి. జోడించిన చేతులు. పువ్వులు. దీపం. మళ్లీ ఓం శాంతి. అప్పలసూరి వేలితో పైకి తోస్తున్నాడు.

"రా బావా, టీ తాగుదాం" అన్నాడు అబ్బులు.

"ఉండు, ఒక్క నిమిషం" అన్నాడు అప్పలసూరి. తల ఎత్తలేదు.

అబ్బులు మళ్లీ పిలవలేదు.