ఈపొద్దు నా వారం గాదు

పామిడి గుడ్డల బజారులో బదరీనారాయణ వారానికి రెండే రోజులు కదులుతాడు. సోమవారం ఒకటి, గురువారం ఒకటి. గుళ్ళో ఉత్సవమూర్తి అయినా పిలిస్తే ఊరేగింపుకు లేస్తాడేమో గానీ, మంగళవారం నాడు మా బదరన్న లేవడు. ముక్కు మీద ఈగ వాలితే అది తనంతట తాను విసుగెత్తి పోయేదాకా ఓపిగ్గా చూస్తాడు. ఆయనది నైటీ గుడ్డలు, జాకెట్టు గుడ్డలు అమ్మే అంగడి. ఎదురుగా దారాలు, గుండీలు అమ్మే అంగడి నాది. కాబట్టి ఈ వింతను టిక్కెట్టు లేకుండా రోజూ చూసే భాగ్యం నాకు దక్కింది.

ఒక మంగళవారం తనకల్లు నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు. పెళ్ళికూతురి తల్లి పై అరలో ఉన్న పచ్చ తానును చూపించి, "అది దించన్నా" అంది.

"ఈపొద్దు నా వారం గాదమ్మా" అన్నాడు బదరన్న.

"అంటే?"

"నేను ఎక్సర్‌సైజు చేసేది సోమవారం, గురువారమే. తాను దించేది ఎక్సర్‌సైజు కిందికి వస్తాది. నిచ్చెన ఆడ ఉండాది, చూస్కోండి."

ఆవిడ కొంగు దోపుకుని నిచ్చెన ఎక్కింది. ఎలాగూ ఎక్కాను కదా అని మరో రెండు తాన్లు దించుకుని, మూడింట్లోనూ గుడ్డ చింపించుకుపోయింది. నేను లేచి నిలబడి, టీ తెప్పించి, బతిమాలినా ఒక జిప్పు అమ్ముడుపోదు. ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇక సోమవారం చూడాలి ఆయన్ని. అమ్ముడుపోని నైటీ గుడ్డతో కుట్టించిన ప్యాంటు, చొక్కా. ప్యాంటు నిండా చిలకలు, చొక్కా నిండా జల్లెడంత పొద్దుతిరుగుడు పూలు. మెడలో విజిలు. ఆ అవతారంతో తెల్లారగానే బజారులోకి వచ్చి, వీపు ముందు పెట్టి వెనక్కి నడవడం మొదలుపెడతాడు.

"ఇదేం నడక అన్నా?" అని అడిగాను మొదటి రోజు.

"ముందుకు గొడ్లు గూడ నడుస్తాయప్పా. ఎనక్కి నడిస్తేనే షుగరు దిగేది. అనంతపురం డాక్టరమ్మ చెప్పింది."

"వారానికి రెండు రోజులే చాలని గూడ ఆమే చెప్పినాదా?"

"ఆమే. మధ్యలో రెస్టు ఇయ్యల్లంట. ఆ రెస్టు మటుకు నేను బాగ ఇస్తాండా."

అన్నట్టే వెనక్కి వెనక్కి పోయి గంగక్క బోండాల బండిని వీపుతో గుద్దాడు. బోండాలు కాలవలో పడ్డాయి.

"ఏమప్పా శెట్టీ, కండ్లు యాడ పెట్టుకున్నావు?" అంది గంగక్క.

"ముందర పెట్టుకున్నా గంగక్కా. ఎనకాలకు వేరే కండ్లు కావల్ల."

ఆ వేరే కళ్ళ కోసం నేరుగా పీరాసాబ్ ఇంటికి పోయాడు. పీరాసాబ్ మా బజారు టైలరు, బదరన్నకు చిన్ననాటి నుంచీ జత. ఉగాది ముందర పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. తర్వాత కాస్త కదలిక వచ్చింది గానీ ఈడ్చుకుంటూ నడవాలి. నడిస్తేనే కాలు దారికి వస్తుందని ఎందరు చెప్పినా ఆయన వాకిలి దాటలేదు. "నేను కుట్టిన చొక్కాలేసుకోని నిలబడి, బజారంతా నా కాలు చూస్తాది. నాకొద్దప్పా" అనేవాడు. ఆ కాలు లేనిదే మిషను తిరగదు. మిషను తిరగనిదే ఆయన మనిషి కాడు. ఆయన భార్య మస్తానాబీ మిషను మీది దుప్పటి ఎత్తి, నూనె వేసి, మళ్ళీ కప్పేసేది.

"పీరా, నేను గోడలకు, బండ్లకు గుద్దుకోని సచ్చేటట్లుండా. నా ముందర నడిచి దావ చెప్పేటోడు కావల్ల" అన్నాడు బదరన్న.

"నాకు కాలు రాదు గదప్పా."

"కాలెవనికి కావల్ల? నోరుండాది గదా. బిరబిర నడిచేటోడైతే నాకు పనికిరాడు. నువ్వే సరి."

పీరాసాబ్ చాలాసేపు గొణిగి, తిట్టి, ఆఖరికి చెప్పులేసుకున్నాడు.

అప్పట్నుంచి వారానికి రెండు రోజులు మా బజారుకు పండగే. చిలకల ప్యాంటు వెనక్కి నడుస్తూ ముందు, పీరాసాబ్ ఎదురుగా మెల్లగా వెనక.

"ఎనుము వస్తాండాది, జరుగు."

"ఏ పక్కకు?"

"అది వచ్చే పక్కకు గాదు."

అలా పెన్నదాకా పోయి, నీళ్ళు లేని ఆ ఇసుకలో కాసేపు నడిచి తిరిగొచ్చేవాళ్ళు. పది అంగలు వేస్తే చాలు, బదరన్న విజిలు ఊది "రెస్టు" అని నిలబడిపోయేవాడు. ఈయన దమ్ము ఇంతేనా అని మేం నవ్వుకునేవాళ్ళం. అయినా చూపు తిప్పుకోలేకపోయేవాళ్ళం. అంత సిగ్గు లేకుండా బతకగలగడం ఒక వరం అనిపించేది నాకు.

శ్రావణంలో ఒక గురువారం బదరన్నకు జ్వరమని తెలిసి చూడబోయాను. చిలకల ప్యాంటు ఒక కాలు ఆయన చేతిలో, రెండో కాలు భార్య నాగరత్నమ్మ చేతిలో ఉన్నాయి. ఇద్దరూ లాక్కుంటున్నారు.

"నువ్వన్నా చెప్పప్పా. ఒళ్ళు పెనం మాదిరి కాలుతాంటే నడిచేకి పోతానంటాడు" అంది ఆమె.

"ఒక్క గురువారం ఇడిస్తే షుగరేం పెరగదులే అన్నా" అన్నాను.

"షుగరా?" అంది నాగరత్నమ్మ. "ఈయనకు షుగరెప్పుడొచ్చె? నిన్న గూడ జిలేబీ తిన్నాడు."

బదరన్న పైకప్పు వైపు చూశాడు. "ఒక్కసారి తప్పితే ఆ కాలు మళ్ళా మూల పడతాదప్పా" అన్నాడు మెల్లగా.

"ఏ కాలు?"

నాగరత్నమ్మే చెప్పింది. "పీరన్నను అనంతపురం తీసకపోయింది ఈయనే. వారానికి రెండు దినాలు నడిపించండి, మధ్యలో రెస్టు ఇయ్యండి అని డాక్టరమ్మ చెప్పింది పీరన్న కాలికి."

వెనక్కి నడిచింది ఆ కాలి మీద నుంచి చూపు తప్పకుండా ఉండటానికి. విజిలు ఊదింది ఆ కాలు అలిసినప్పుడు. ఇక ఆ చిలకలు, ఆ పూలు మా కళ్ళకు వేసిన మేత. ఇన్నాళ్ళూ వాటినే చూస్తూ, మేం పీరాసాబ్ కాలు వైపు ఒక్కసారీ చూడలేదు. ఇంత మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడా అనిపించింది.

"మరి మిగతా అయిదు దినాలు కదలకుండా కూర్చునేది?" అని అడిగాను.

"అది ఉత్త సోమరితనమే" అంది నాగరత్నమ్మ.

అప్పుడే వాకిట్లో అడుగుల చప్పుడు వినిపించింది. ఒక అడుగు పడుతోంది, ఒక అడుగు ఈడ్చుకుంటోంది. గుమ్మం పట్టుకుని పీరాసాబ్ నిలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఏం శెట్టీ, పొద్దెక్కినా రాకపోతివి. నీ కండ్లే నీ దగ్గరికి వచ్చినాయి చూడు."

బదరన్న లేచి కూర్చున్నాడు. "ఒగనివే వచ్చినావా? బజారు మీద?"

"ఒగన్నే. అందరూ చూసినారు. చూస్తే చూడనీలే." పీరాసాబ్ మంచం పక్కన కూలబడి నా వైపు తిరిగాడు. "ఎనక్కి నడిచేటోడు పొద్దస్తమానం నా కాలే చూస్తాంటే నాకు తెలీదా అప్పా? పడింది నా కాలు గానీ కండ్లు గాదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పకపోతివే" అన్నాడు బదరన్న.

"ఏం చెప్పేది? నా కోసరం నువ్వు చిలకలేసుకోని తిరుగుతాంటే, నేను సిగ్గుపడేకి ఏం మిగిల్చినావు?"

ఆ రోజు ఆ ఇద్దరికీ నాగరత్నమ్మ టీ ఇచ్చింది. ప్యాంటు మాత్రం ఇవ్వలేదు.

దసరా ముందు ఒక శనివారం మధ్యాహ్నం. బదరన్న ముక్కు మీద ఎప్పటిలాగే ఈగ ఉంది. బజారు మూల నుంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. మొదట ఆగి ఆగి, తర్వాత ఆగకుండా. బదరన్న ఒక్క ఉదుటున లేచాడు. ఈగ జడుసుకుని ఎగిరిపోయింది. ముందుకు నడిచే అలవాటు తప్పిందేమో, గడప తట్టుకుని తూలి, లుంగీ పట్టుకుని పరిగెత్తాడు.

"అన్నా, ఈపొద్దు నీ వారం గాదు" అన్నాను వెంట పరిగెత్తుతూ.

"నోరు మూసుకోప్పా. దాన్ని వినపడనీ."

పీరాసాబ్ రెండు కాళ్ళతో మిషను తొక్కుతున్నాడు. మస్తానాబీ మడిచిన దుప్పటిని చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. మిషను కింద ఉన్నది బదరన్న అంగడిలోని చిలకల గుడ్డే. కొలత మాత్రం బదరన్నది కాదు, పీరాసాబ్ తన సొంతానికి కుట్టుకుంటున్నాడు.

సోమవారం మా బజారులో రెండు చిలకల ప్యాంట్లు నడిచాయి. గంగక్క ముందురోజే బోండాల బండిని పక్కకు జరిపి పెట్టుకుంది.