అనుమతుల ఆంబ్రోస్

ఆంబ్రోస్ పిక్టూకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎవరు ఎవరి దగ్గర ఏది తీసుకుంటున్నా అడ్డం పడి మూడు ప్రశ్నలు వేస్తాడు. ఇది ఎవరిది? ఎక్కడ దాస్తావు? ఎప్పుడు తిరిగిస్తావు?

ఆ పిచ్చి ఉండాల్సిన చోట ఉంటే పేచీ లేదు. కెనడాలో బ్రాడోర్ సరస్సు చుట్టూ ఉన్న మిగ్మా ఆదివాసుల ఊళ్ళలో ఎవరైనా పరిశోధన చెయ్యాలంటే ముందు పెద్దల కమిటీ ఒప్పుకోవాలి. కథలైనా, మందుమొక్కలైనా, వేటైనా అంతే. ఆ కమిటీకి ఆంబ్రోసే పెద్ద. వెనకటికి టేప్ రికార్డర్లు పట్టుకొచ్చి ముసలాళ్ళ గొంతులు మూటగట్టుకుపోయిన పెద్దమనుషులు మళ్ళీ మొహం చూపించిన పాపాన పోలేదు. కాబట్టి కమిటీలో ఆ ప్రశ్నలు న్యాయమే. చిక్కేమిటంటే, కమిటీ గదికి తాళం వేసి వచ్చినా ఆయన ప్రశ్నలకి తాళం పడదు.

ఓసారి చర్చిలో పాపాలు ఒప్పుకోవడానికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఫాదర్, నా పాపాలు చెప్తాను సరే. ఎక్కడ దాస్తారు?"

"దేవుడి దగ్గర ఉంటాయి నాయనా."

"ఆయన సంతకం ఏదీ?"

ఆ రోజు వెనక వరుసలో నిలబడ్డ పదకొండు మంది పాపులు పాపాలతోనే ఇంటికి పోయారు.

మేనకోడలి పెళ్ళిలో గ్రూప్ ఫోటో తియ్యబోతుంటే ఆపి, డెబ్భై మందినీ ఒక్కొక్కర్నే అడిగొచ్చాడు. ఆయన తిరిగొచ్చేసరికి పెళ్ళికొడుకు భోజనం కూడా చేసేశాడు. ఇక ఆసుపత్రిలో నర్సు సూదితో చిన్న సీసాడు రక్తం తీసినందుకు, మిగిలిన చుక్కలు ఎప్పుడు తిరిగిస్తారని వారం పాటు ఫోన్ చేశాడు. పాపం ఆ పిల్ల ఇంకో ఊరికి బదిలీ చేయించుకుంది.

ఇలాంటి మనిషి చేతిలో పడింది డెలానీ.

డెలానీ ఆ ఊళ్ళో ఒకప్పుడుండిన సబెట్ అనే ఆవిడకి మనవరాలు. సబెట్ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ కూతురు, అంటే డెలానీ అమ్మ, ఎప్పుడో హాలిఫాక్స్ నగరంలో స్థిరపడింది. డెలానీ అక్కడే పుట్టి పెరిగింది, ఇరవై మూడేళ్ళకి గానీ ఈ ఊరి మొహం చూడలేదు. మంచుకి కన్నం పెట్టి ఈటెతో పాముచేపల్ని పట్టే విద్య గురించి, ఆ పనిలో ఆరితేరిన తొంభై ఒక్కేళ్ళ ఫిలోమిన్ దగ్గర నేర్చుకుని రాయాలని ఆమె కోరిక. డిసెంబరు పన్నెండులోగా కమిటీ అనుమతి ఉత్తరం చేతికి రాకపోతే ఈ చలికాలమూ పోతుంది, యూనివర్సిటీలో సీటూ పోతుంది.

నవంబరు మూడున నలభై పేజీల దరఖాస్తుతో కమిటీ ముందు కూర్చుంది.

"ఫిలోమిన్ చెప్పబోయే విద్య ఎవరిది?" అన్నాడు ఆంబ్రోస్.

"ఆవిడదీ, ఈ ఊరిదీనండీ."

"ఎక్కడ దాస్తావు?"

"ఒక కాపీ ఆవిడ దగ్గర, ఒకటి మన బడిలో."

"ఎప్పుడు తిరిగిస్తావు?"

"రాసిందంతా ముందు ఆవిడకి చదివి వినిపిస్తాను. వద్దన్నది కొట్టేస్తాను."

కమిటీవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆంబ్రోస్ గొంతు సవరించుకున్నాడు. "బాగానే ఉంది. అయితే తొమ్మిది మంది ముసలాళ్ళున్నారు. అందరి ఇళ్ళకీ వెళ్ళి, టీ తాగి, నోటిమాటగా అడిగి రా."

వెళ్ళింది. తొమ్మిది ఇళ్ళలో తొమ్మిది కప్పుల నల్లటి టీ, బెల్లంపాకంలాంటి మొలాసిస్‌తో లుస్కి రొట్టె. ప్రతి ఇంట్లోనూ ఆమె పాముచేపల గురించి అడిగితే వాళ్ళు సబెట్ గురించి చెప్పారు. జోకులేశారు. వేసి, ఆమె మొహంలోకి గుచ్చి గుచ్చి చూశారు. డెలానీకి గుండెల్లో డిసెంబరు పన్నెండే కొట్టుకుంటోంది. "అవునండీ" అంటూ పుస్తకంలో రాసుకుంది.

"ఫిలోమిన్ ఇంట్లో ఎన్ని కప్పులు తాగావు?" అన్నాడు ఆంబ్రోస్.

"ఒకటండీ."

"ఒక్క కప్పుకి అనుమతేం వస్తుంది? మళ్ళీ వెళ్ళు."

రెండోసారి తిరిగొస్తే, చెవిటి విల్‌ఫ్రెడ్‌కి ఆమె అడిగింది వినపడలేదన్నాడు. మూడోసారికి, ఒకావిడ ఇంట్లో పిల్లి ఊళ్ళో లేదన్నాడు.

డిసెంబరు పదకొండున డెలానీ ఓపిక చచ్చిపోయింది. తిన్నగా ఆంబ్రోస్ ఇంటికెళ్ళి తలుపు బాదింది.

"రేపటితో నా చదువు అయిపోతుంది! ఇస్తారా, ఇవ్వరా?"

ఆయన ఉత్తరం తీసి చేతిలో పెట్టాడు. కింద తేదీ నవంబరు మూడు.

"మొదటిరోజే ఒప్పుకున్నారా! మరి ఐదు వారాలు నన్నెందుకు తిప్పారు?"

"ఆ రోజే ఇచ్చేస్తే ఫిలోమిన్ గడప తప్ప ఇంకో గడప తొక్కేదానివా పిల్లా? సబెట్ మనవరాలివి. పరాయిదానిలా గుమ్మంలో నిలబడి 'అండీ, అండీ' అంటుంటే మా ప్రాణం ఉసూరుమంది."

డెలానీకి కోపంతోపాటు కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఆంబ్రోస్ తల దించుకున్నాడు.

"కానీ ఒక తప్పు చేశాను. ఊరందర్నీ నిలదీసేవాణ్ణి, నిన్ను అడక్కుండా నీ మీదే పరిశోధన జరగనిచ్చాను. ఐదు వారాలుగా నిద్ర లేదు. ఇదిగో, ఆ తొమ్మిది మందీ కమిటీకి పెట్టుకున్న దరఖాస్తు."

డెలానీ చదివింది.

విషయం: సబెట్ మనవరాలు. పద్ధతి: టీ. తెలుసుకోవాల్సింది: ఈ పిల్ల కూడా నవ్వితే చివర్లో వాళ్ళ అమ్మమ్మలాగే గుర్రుమంటుందా? గడువు: నవ్వేదాకా.

కింద తొమ్మిది సంతకాలు. దాని కింద, 'పిల్ల ఇంకా నవ్వలేదు, గడువు పెంచాలి' అని మూడుసార్లు. అన్నిటికన్నా కింద వంకర అక్షరాలతో ఫిలోమిన్ రాసిన ముక్క: 'పాస్టరూ దుప్పీ జోకు చెప్పాను. అయినా నవ్వలేదు. జోకులో లోపం లేదు.'

డెలానీ పెదవి బిగబట్టింది. లాభం లేకపోయింది. పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వీ నవ్వీ చివర్లో ఇల్లంతా వినపడేలా గుర్రుమంది.

వంటింటి తలుపు దభాలున తెరుచుకుంది. తొమ్మిది మందీ అక్కడే ఉన్నారు.

"రాసుకోండర్రా!" అని అరిచింది ఫిలోమిన్.

"ఆగండాగండి!" ఆంబ్రోస్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "పిల్ల ఇంకా సంతకం పెట్టలేదు!"

డెలానీ కళ్ళు తుడుచుకుంటూ, "పెన్ను ఇలా ఇయ్యి తాతయ్యా" అంది.